ముంబైలో పాత ఆర్ట్ డెకో హోటల్లో రెండు రాత్రులు: అనంతపురం నుంచి పోయేవాళ్ళు ఎట్లా ప్లాన్ చేసుకోవాల

ముంబై పోతున్నామంటే ఎక్కడ దిగుతారని అడుగుతారు కదా, మనవాళ్ళు చెప్పేది ఎప్పుడూ ఒకటే, తెలిసినోళ్ళ ఇంట్లోనో, లేకుంటే యాప్‌లో ఏది తక్కువకి దొరికితే అందులోనో అని. నేను ఇప్పటికి మూడుసార్లు పోయినా. మూడోసారి మా అమ్మని, మా ఆవిడని, పాపని తీసుకొని సౌత్ ముంబైలో పాత ఆర్ట్ డెకో బిల్డింగ్‌లో (1930లు, 40ల నాటి ఒక స్టైల్ కాంక్రీటు కట్టడం) నడిచే ఒక హోటల్లో రెండు రాత్రులు ఉన్నాం, ఆ రెండు రాత్రులు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. అందుకే రూమ్ ఎట్లా అడగాల, ఏ టైంలో ఏ పక్క నిలబడి చూడాల, అన్నీ వరసగా రాస్తున్నా. అనంతపురం నుంచి పోయేవాళ్ళని మనసులో పెట్టుకొని రాసినా గానీ కర్నూలు, కడప వాళ్ళకి ట్రైన్ ఒక్కటే తేడా, మిగతాదంతా ఇదే.

ముందు ఒక మాట ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకోండి. ఇట్లాంటి హోటల్లో మీరు డబ్బు కట్టేది బిల్డింగ్‌కి, అది ఉన్న చోటికి. అదే రేటుకి అంధేరి పక్క కొత్త హోటల్లో ఇంతకన్నా పెద్ద బాత్రూమ్, మెత్తటి పరుపు, సైలెంట్ ఏసీ వస్తాయి. అవి ముఖ్యం అనుకునేవాళ్ళు అక్కడే దిగండి, తప్పేం లేదు, ఒక పూట టాక్సీలో వచ్చి బయటినుంచి చూసిపోవచ్చు. కానీ పాత బిల్డింగ్‌ని రాత్రి పదకొండుకి, తెల్లారి ఆరుకి, ఎవరూ లేని మెట్ల మీద కూర్చొని చూడాలంటే మాత్రం అందులో పడుకోవాల్సిందే, వేరే దారి లేదు.

మొదటి పని టికెట్ కాదు, ఒక సాయంత్రం మన ఊర్లోనే తిరగండి. పాతూరులో, కమలానగర్ సందుల్లో ఇంకా కూల్చకుండా మిగిలిన పాత మిద్దెలు చూడండి. మూల దగ్గర గోడ నైంటీ డిగ్రీలు కాకుండా గుండ్రంగా తిరిగిందా, బాల్కనీ పిట్టగోడ మీద అడ్డంగా మూడు గీతలు సిమెంటుతో తీసినారా, గేటు మీద ఉదయించే సూర్యుడి కిరణాల్లాగా ఇనుప కమ్మీలు వంచినారా, కిటికీ మీద సజ్జ ఒక కిటికీతో ఆగకుండా మూల తిరిగి పక్క గోడకి కూడా పోయిందా, లోపల నేల మొజాయిక్ వేసినారా. ఇవన్నీ ఆర్ట్ డెకో నుంచి మన మేస్త్రీల చేతికి వచ్చినవే. పేరు తెలీకుండానే మనం వాటి మధ్యన పెరిగినాం. ఈ ఒక్క సాయంత్రం తిరిగితే ముంబైలో కన్ను దానంతట అదే పని చేస్తాది, గైడ్ అక్కర్లేదు.

పేరు సంగతి కొంచెం చెప్పాల. 1925లో పారిస్‌లో అలంకార కళల మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టినారు, దాని పేరులోని ముక్కల్ని కలిపి ఆర్ట్ డెకో అన్నది, ఆ మాట జనంలో బాగా పడింది 1960ల్లో, అంటే ఈ బిల్డింగులు కట్టినోళ్ళు కట్టేటప్పుడు వాటిని ఆ పేరుతో పిలవలేదు. కాంక్రీటు కొత్తగా చేతికొచ్చిన కాలం అది, ఓడలన్నా కార్లన్నా విమానాలన్నా జనానికి మోజు, ఆ వేగాన్ని తెచ్చి గోడల మీద పెట్టినారు, అందుకే ఓడ కిటికీల్లాంటి గుండ్రటి కిటికీలు, ఓడ డెక్ రెయిలింగుల్లాంటి బాల్కనీలు కనిపిస్తాయి. బొంబాయిలో అప్పుడే బ్యాక్‌బే దగ్గర సముద్రాన్ని పూడ్చి కొత్త నేల తీసినారు, 1930లు, 40ల్లో ఆ నేల మీద వరసగా లేచినవే ఇప్పుడు మెరైన్ డ్రైవ్, ఓవల్ మైదాన్ పక్కన కనిపించే బిల్డింగులు. 2018లో యునెస్కో వీటినీ, ఎదురుగా ఉన్న పాత రాతి కట్టడాల్నీ కలిపి ప్రపంచ వారసత్వ లిస్టులో చేర్చింది, మొత్తం 94 కట్టడాలు. మధ్యన ఓవల్ మైదాన్, దానికి తూర్పున హైకోర్టు, యూనివర్సిటీ లాంటి విక్టోరియన్ గోతిక్ (విక్టోరియా రాణి కాలపు, కోసు శిఖరాల) రాతి కట్టడాలు, పడమరన ఆర్ట్ డెకో. నడుమ గ్రౌండ్‌లో పిల్లోళ్ళు క్రికెట్ ఆడుతుంటారు.

ఇప్పుడు తేదీలు. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వద్దు. వాన మొహం వాచిన జిల్లా మనది, అక్కడి వాన చూడాలనిపిస్తాది, నాకూ అనిపించింది, కానీ ఆ నెలల్లో బిల్డింగుల ముందు టార్పాలిన్లు కట్టి ఉంటాయి, ఫోన్ బయటికి తీయలేం, తల పైకెత్తలేం. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. రెండు రాత్రుల్లో ఒకటి శనివారం రాత్రి అయ్యేట్టు చూసుకోండి, ఎందుకంటే ఫోర్ట్, చర్చ్‌గేట్ ఏరియా మొత్తం ఆఫీసులు, ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీ, రోడ్డు మధ్యన నిలబడి తల ఎత్తి చూసినా హారన్ కొట్టేవాళ్ళు ఉండరు. ఆదివారం మాత్రం రిపేర్ల కోసం లోకల్ ట్రైన్లు కొన్ని గంటలు ఆపుతారు, ఆ రోజు లోకల్ నమ్ముకొని దూరం ప్రోగ్రాం పెట్టుకోవద్దు.

ట్రైన్ విషయం అనంతపురం వాళ్ళకి అదృష్టమే. బెంగళూరు నుంచి వచ్చే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్లో ఆగి గుంతకల్, రాయచూర్, సోలాపూర్, పుణె మీదుగా నేరుగా సీఎస్ఎంటీకి (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, సౌత్ ముంబైలో ఉండే పెద్ద స్టేషన్) పోతాది, దాదాపు 20 గంటలు. ఇక్కడ జాగ్రత్త, అది మన దగ్గరికి వచ్చేది అర్ధరాత్రి అటూఇటూగా, 12 దాటితే తేదీ మారతాది, శుక్రవారం రాత్రి ఎక్కుతున్నాం అనుకొని శుక్రవారం తేదీకి టికెట్ తీసుకుంటే ఆ బండి ముందురోజు రాత్రే వెళ్ళిపోయి ఉంటాది, నాకు తెలిసినోళ్ళే ఇట్లా మోసపోయినారు. బుక్ చేసేటప్పుడు మన స్టేషన్ పక్కన ఉన్న టైం, తేదీ రెండూ ఇంకోసారి చూడండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు ఓపెన్ అవుతాది. కడప వాళ్ళకి చెన్నై, ముంబై లైన్ ఉంది. ఏ బండి ఎక్కినా సీఎస్ఎంటీ దాకా పోయేదే చూసుకోండి, కొన్ని బండ్లు కుర్లా దగ్గర లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో ఆగిపోతాయి, అక్కడి నుంచి పెట్టెలతో సౌత్ ముంబై రావడం ఒక ప్రయాణం. విమానంలో పోవాలంటే బెంగళూరు ఎయిర్‌పోర్టు మన వైపే ఉంది, ముంబైలో దిగినాక భూగర్భ మెట్రో 3వ లైన్ ఇప్పుడు నేరుగా చర్చ్‌గేట్ వరకు వస్తాది.

రూమ్ బుక్ చేసేది అసలు పని, ఇక్కడ టైం పెట్టండి. పేర్లు కావాలంటే మెరైన్ డ్రైవ్ మీద సీ గ్రీన్ ఉంది, చర్చ్‌గేట్ దగ్గర ఆస్టోరియా ఉంది, చుట్టుపక్కల వెతికితే ఇంకా దొరుకుతాయి. యాప్‌లో ఫోటోలు చూడండి కానీ యాప్‌లోనే డబ్బు కట్టేయొద్దు, ముందు ఫోన్ చేసి మాట్లాడండి. హిందీ వచ్చినంత చాలు. మేము రెండోసారి పోయినప్పుడు ఒక హోటల్లో యాప్‌లో సీ వ్యూ అని చూసి ఎక్కువ డబ్బు కట్టి తీసుకున్నాం, తీరా పోతే కిటికీలోంచి బయటికి వంగి ఎడమకి తిరిగితే రెండు బిల్డింగుల మధ్య జానెడు నీళ్ళు కనిపించినాయి, అడిగితే ఇదీ సీ వ్యూనే సార్ అన్నారు. అందుకే ఇప్పుడు ఫోన్లో ఇట్లా అడుగుతా: మంచం మీద కూర్చుంటే సముద్రం కనిపిస్తాదా, రూమ్‌కి బాల్కనీ ఉందా, ఆ బాల్కనీ మా ఒక్కళ్ళదేనా, రూమ్ ఫోటో వాట్సాప్‌లో పంపుతారా. పంపుతారు, అడిగితే కాదనరు.

ఇంకా అడగాల్సినవి. బిల్డింగ్ ముందు పరంజీ కట్టినారా అని తప్పకుండా అడగండి, సముద్రం ఉప్పు గాలికి కాంక్రీటు లోపలి కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి సిమెంటు పెచ్చులు ఊడతాయి, అందుకని అక్కడ ఏ సీజన్లో పోయినా ఏదో ఒక బిల్డింగ్‌కి రిపేర్ జరుగుతానే ఉంటాది, మీ హోటలే ఆ వరసలో ఉంటే బాల్కనీ ముందు ఆకుపచ్చ గుడ్డ తప్ప ఏం కనిపించదు. వేడినీళ్ళు రోజంతా వస్తాయా, పొద్దున మాత్రమేనా. లిఫ్ట్‌కి ముందు ఎన్ని మెట్లు ఎక్కాల, ఇది పెద్దవాళ్ళు ఉంటే చాలా ముఖ్యం, చాలా పాత బిల్డింగుల్లో రోడ్డు నుంచి లిఫ్ట్ దాకా ఆరేడు మెట్లు ఉంటాయి, మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ముందే అడిగి తెలుసుకోబట్టి బాధ లేకపోయింది. పిల్లలుంటే బాల్కనీ పిట్టగోడ ఎత్తు అడగండి. రేటు చెప్పినప్పుడు ట్యాక్స్ కలిపా, కలపకుండానా అని కూడా అడగాల, రోజుకి 7,500 లోపల రూమ్‌కి 5 శాతం జీఎస్టీ, అది దాటితే 18 శాతం, అంటే 7,400 రూమ్‌కీ 7,600 రూమ్‌కీ చేతికొచ్చే బిల్లులో తేడా వెయ్యి దాటుతాది.

సముద్రం వైపు రూమా, లోపలి వైపు రూమా అంటే నా అభిప్రాయం, ఒక రాత్రికైనా సముద్రం వైపే తీసుకోండి. మెరైన్ డ్రైవ్ బిల్డింగులు పడమర చూస్తాయి, మధ్యాహ్నం రెండు నుంచి రూమ్ వేడెక్కుతాది, రాత్రంతా బండ్ల శబ్దం ఉంటాది, ఈ రెండూ నిజం. అయినా సూర్యుడు సముద్రంలోకి దిగేది మంచం మీద నుంచి చూడొచ్చు. తోడు వచ్చిన పెద్దవాళ్ళకి నిద్ర ముఖ్యం అంటే వాళ్ళకి లోపలి వైపు రూమ్ ఇప్పించండి.

సీఎస్ఎంటీలో రాత్రి దిగుతారు. బయటికి పరిగెత్తొద్దు, స్టేషన్ ఎదురుగా రోడ్డు దాటి ఒక పది నిమిషాలు నిలబడి ఆ బిల్డింగ్‌ని లైట్లలో చూడండి. దాన్ని డిజైన్ చేసింది ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్స్, 1878లో మొదలుపెట్టినారు, కట్టడానికి పదేళ్ళు పట్టింది. ఆయన కొడుకు చార్లెస్ స్టీవెన్స్ కొలాబాలో రీగల్ సినిమా హాల్ డిజైన్ చేసినాడు, 1933ది, అది ఆర్ట్ డెకో. తండ్రి రాయి చెక్కించి శిఖరాలు లేపితే కొడుకు నున్నటి కాంక్రీటు గీతలతో సరిపెట్టినాడు, ఒక తరంలో ఊరు ఎంత మారిందో ఈ రెండు బిల్డింగులు చూస్తే తెలుస్తాది, అందుకని ఈ ట్రిప్పులో రీగల్ కూడా లెక్కలో పెట్టుకోండి.

సౌత్ ముంబైలో ఆటోలు ఉండవు, వెతకొద్దు. నలుపు పసుపు టాక్సీలు మీటర్ మీద వస్తాయి, 2025 ఫిబ్రవరి నుంచి మొదటి ఒకటిన్నర కిలోమీటర్‌కి 31 రూపాయలు. చర్చ్‌గేట్ దగ్గరే, పెట్టెలు తక్కువుంటే నడిచినా పోవచ్చు. అందరి ఆధార్ కార్డులు చేతిలో పెట్టుకోండి, రాత్రిపూట కౌంటర్ దగ్గర పెట్టెలు విప్పే బాధ ఉండదు.

రూమ్‌లోకి పోయినాక ఆ రాత్రే చేయాల్సిన పని ఒకటి ఉంది. అందరూ పడుకున్నాక చెప్పుల్లేకుండా మెట్ల దాకా రండి. లిఫ్ట్‌లో కాదు, మెట్లు దిగండి. మేమున్న చోట మెట్లు లిఫ్ట్ బావి చుట్టూ తిరిగి దిగుతాయి, నేల మొజాయిక్, క్రీమ్ రంగు మీద నలుపు, ఇటుక రంగు రాళ్ళ పలుకులు, ప్రతి మెట్టు అంచుకి ఒక నల్లటి పట్టీ, ఆ పట్టీ మెట్టు చివర ఆగకుండా గోడ మీదికి ఎక్కి, గోడ పొడుగునా జానెడు ఎత్తున పోయి, మళ్ళీ కింది మెట్టు మీదికి దిగుతాది. ఎక్కడా అతుకు కనపడదు. నేల ఆరనిచ్చి చేత్తో రాయి పెట్టి రుద్ది రుద్ది నునుపు తెచ్చినారు, ఎనభై తొంభై ఏళ్ళ పాదాలకి ఇంకా నునుపెక్కింది. మెట్ల పక్కన చేత్తో పట్టుకునే కమ్మీ కర్ర టేకుది, మలుపు దగ్గర గుండ్రంగా వంగి, అందరూ పట్టుకునే చోట రంగు పోయి తేనె రంగు తేలింది. లిఫ్ట్‌కి ఇనుప కటకటాల తలుపు, లోపల రెండోది, రెండూ చేత్తో లాగి మూస్తేనే కదులుతాది, ఏదైనా ఒకటి తెరిచి వదిలేస్తే పైనున్నోళ్ళు గంట కొడతానే ఉంటారు, మా పాపకి ఆ తలుపు మూసే డ్యూటీ ఇచ్చినాం, రెండు రోజులూ ఎవరినీ ముట్టుకోనియ్యలేదు. పొద్దున మా అమ్మ ఆ నేల చూసి మా పెద్దమామ మిద్దెలో ఇట్లే ఉండేది కదరా, మనం టైల్స్ వేపిచ్చినాం దానిమీద అనింది. నాకు జవాబు రాలేదు.

పొద్దున ప్రోగ్రాం ఓవల్ మైదాన్. ఇది గుర్తు పెట్టుకోండి, ఓవల్ పక్కనున్న ఆర్ట్ డెకో వరస తూర్పు చూస్తాది, కాబట్టి ఎండ పొద్దున పడతాది, ఏడు నుంచి తొమ్మిది లోపల పోవాల. మెరైన్ డ్రైవ్ వరస పడమర చూస్తాది, దానికి సాయంత్రం. తారుమారు చేస్తే రెండూ నీడలో కనిపిస్తాయి, ఫోటోలూ రావు. ఓవల్ మధ్య దారిలో నిలబడి ఒక్కసారి తూర్పుకి చూడండి, రాజాబాయి టవర్, 1878లో పూర్తయింది, ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే పత్తి వ్యాపారి వాళ్ళమ్మ పేరు మీద డబ్బిచ్చి కట్టించినాడు. పత్తి డబ్బు ఊరిని ఎట్లా మారుస్తాదో ఆదోని తెలిసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇటు తిరిగితే పడమరన లేత పసుపు, లేత ఆకుపచ్చ, గులాబీ రంగు బిల్డింగులు. ఒక్కో బిల్డింగ్ ముందు ఐదు నిమిషాలు ఆగి మూడే చూడండి: పేరు రాసిన అక్షరాలు, మూల ఎట్లా తిరిగింది, మెట్లగది ఉన్న నిలువు భాగం పైన ఎట్లా ముగిసింది. అక్షరాలు ముఖ్యంగా, ఆ కాలంలో పేరు కూడా బిల్డింగ్‌లో భాగంగా పోతపోసినారు. అక్కడి నుంచి చర్చ్‌గేట్ స్టేషన్ ఎదురుగా ఈరోస్ సినిమా, 1938ది, సొరాబ్జీ భేద్వార్ డిజైన్, ఎర్ర రాయి, క్రీమ్ రంగు పట్టీలు, మూల మీద మెట్లు మెట్లుగా లేచిన గుండ్రటి టవర్. మూతపడి ఉన్నది 2024లో మళ్ళీ తెరిచినారు, ఇప్పుడు ఐమాక్స్, టికెట్ కొనుక్కొని లోపలికి పోవచ్చు.

ఇవి ఎక్కువ భాగం జనం కాపురం ఉండే ఇళ్ళు. గేట్ లోపలికి పోవాలంటే వాచ్‌మన్‌ని అడగండి, వద్దంటే వద్దు. బాల్కనీలో బట్టలారేస్తున్న మనిషి మీదికి జూమ్ చేయొద్దు. మన ఇంటి ముందు ఎవరో నిలబడి ఫోటోలు తీస్తే మనకెట్లుంటాదో అంతే.

టిఫిన్‌కి ఇరానీ కేఫ్ ఒకటి పెట్టుకోండి, మెట్రో సినిమా దగ్గర క్యానీ ఉంది, 1904 నాటిది, బన్ మస్కా, చాయ్. మెట్రో కూడా 1938 నాటి ఆర్ట్ డెకో హాలే, రోడ్డు దాటుతూ చూసేయొచ్చు. మధ్యాహ్నం రూమ్‌లో పడుకోండి, నిజంగా చెబుతున్నా, ఆ ఉక్కలో తిరిగితే సాయంత్రానికి ఎవరికీ ఓపిక ఉండదు. మన ఎండ మండుతాది గానీ చెమట ఆరతాది, అక్కడ ఆరదు, ఉతికిన బట్ట కూడా తొందరగా ఆరదు, ఒక జత ఎక్కువ పెట్టుకోండి.

రెండో రోజు సాయంత్రానికి కొలాబా. రీగల్ చూసుకొని గేట్‌వే ఆఫ్ ఇండియా వైపు నడిస్తే ధన్‌రాజ్ మహల్ వస్తాది, హైదరాబాద్ రాజా ధన్‌రాజ్‌గిర్ కుటుంబం 1930ల్లో కట్టించింది, మన దేశపు తొలి టాకీ సినిమాలో హీరోయిన్‌గా చేసిన జుబేదా ఆ ఇంటి కోడలు, చివరిదాకా అక్కడే ఉన్నది. ఇక్కడికి ఉత్తరాన కామాఠీపుర అని ఒక పేట ఉంది కదా, ఆ పేరు తెలుగు నేల నుంచి పోయి అక్కడ ఇళ్ళు, రోడ్లు కట్టిన కామాఠీ కూలీలది. రాజులూ పోయినారు, కూలీలూ పోయినారు, ఇద్దరి గుర్తులూ ఆ ఊర్లో ఉన్నాయి, నాకైతే కూలీల పేరు నిలిచిందన్నదే ఎక్కువ సంతోషం.

సూర్యాస్తమయానికి గంట ముందే మెరైన్ డ్రైవ్‌కి తిరిగొచ్చేయండి. సముద్రం గట్టు మీద కూర్చునే జనమంతా నీళ్ళ వైపు చూస్తుంటారు, మీరు కాసేపు వెనక్కి తిరిగి కూర్చోండి. ఎండ ఎర్రబడే కొద్దీ ఆ వరస మొత్తం, ఒకే ఎత్తులో, గుండ్రటి బాల్కనీలతో, ఒక కొసనుంచి ఇంకో కొసకి రంగు మారతా పోతాది, సజ్జల నీడలు గోడ మీద పొడుగ్గా సాగి గీతలు రెట్టింపైనట్టు కనిపిస్తాయి. ఇది ఒక పావుగంటే ఉంటాది. తర్వాత రూమ్‌కి పోయి బాల్కనీలోంచి లైట్లు వెలిగేది చూడండి.

తిరుగు ప్రయాణం ఉద్యాన్‌లోనే అయితే అది సీఎస్ఎంటీలో పొద్దున్నే బయల్దేరతాది, హోటల్లో టిఫిన్ టైంకి ఉండదు. ముందురోజు రాత్రే బిల్లు కట్టేసి, రెండు మూడు శాండ్‌విచ్‌లు ప్యాక్ చేసివ్వమని చెప్పండి, టాక్సీకి కూడా కౌంటర్‌లో చెప్పి పెట్టండి. అనంతపురంలో తెల్లారుజామున దిగుతారు, అలారం పెట్టుకొని పడుకోండి, గుంతకల్ దాటినాక నిద్రపోవద్దు. స్టేషన్ బయట ఆ టైంకీ ఆటోలు ఉంటాయి, ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.